ఆరో తరగతిలో ఐఈపీ: టెక్సస్‌లో మా అనుభవం

మా బాబు మూడో తరగతి మధ్యలో హైదరాబాద్ నుంచి డాలస్ ఉత్తరం వైపు శివార్లకు వచ్చాడు. ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నంతకాలం మేం విన్నది ఒకే మాట: "ఇంగ్లిష్ కొత్త కదా, అలవాటైతే చదువుతాడు." మాట్లాడే ఇంగ్లిష్ ఏడాది తిరక్కుండానే వచ్చేసింది. ఐదో తరగతికల్లా వాడి యాస కూడా ఇక్కడి పిల్లల యాసే అయిపోయింది. చదవడం మాత్రం రాలేదు. మాటలో మొదటి రెండక్షరాలు చూసి మిగతాది ఊహించేసేవాడు. మనం చదివి వినిపిస్తే ఏ కథైనా, ఏ సైన్స్ పాఠమైనా పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. లెక్కలు చకచకా చేసేవాడు. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో రాసిస్తే అక్కడే ఆగిపోయేవాడు.

మిడిల్ స్కూల్లో చేరాక పరిస్థితి ఇంకా కష్టమైంది. ఎలిమెంటరీలో దాదాపు రోజంతా ఒకే టీచర్, ఒకే గది. ఇక్కడ పీరియడ్‌కో టీచర్, పీరియడ్‌కో గది. చదివి నేర్చుకోవడమే తప్ప, చదవడం నేర్పే పని ఎవరి టైమ్‌టేబుల్లోనూ ఉండదు. మొదటి గ్రేడింగ్ పీరియడ్ పూర్తి కాకముందే బాబు కడుపునొప్పి అంటూ నర్సు గదికి వెళ్లడం మొదలుపెట్టాడు. నర్సు పంపిన మెసేజీలన్నీ వరసగా పెట్టి చూస్తే, అవన్నీ క్లాసులో పైకి చదవాల్సిన రోజులే.

మేముండే చోట ఇలాంటి సంగతి బయటికి చెప్పుకోవడం అంత తేలిక కాదు. 2025లో స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ గెలిచిన అబ్బాయి ఈ చుట్టుపక్కల అలెన్ వాడే. గుడిలో కలిసినా, పుట్టినరోజు పార్టీలో కలిసినా పిల్లల స్పెల్లింగ్ బీ, మ్యాథ్ కాంపిటిషన్ల మాటలే. "బికాజ్" అనే మాటను ఒకే పేజీలో నాలుగు రకాలుగా రాసే కొడుకున్న తల్లికి ఆ మాటల మధ్య నిలబడటం ఎలా ఉంటుందో, అలా నిలబడినవాళ్లకే తెలుస్తుంది. అందుకే వాడికి స్కూల్లో ఐఈపీ, అంటే ఆ ఒక్క పిల్లవాడి అవసరానికి తగ్గట్టు రాసే ప్రత్యేక బోధన ప్రణాళిక, ఎలా తెచ్చుకున్నామో వివరంగా రాస్తున్నాను.

మొదట స్కూల్ కౌన్సెలర్‌ని కలిశాను. ఆవిడ మంచిగానే మాట్లాడారు. "పాస్ అవుతున్నాడు కదా. ముందు రీడింగ్ ఇంటర్వెన్షన్ గ్రూపులో కొన్నాళ్లు పెట్టి చూద్దాం. కావాలంటే ఫైవ్ ఓ ఫోర్ ప్లాన్ రాద్దాం" అన్నారు. ఫైవ్ ఓ ఫోర్ అంటే 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద ఇచ్చేది. పరీక్షకు ఎక్కువ టైమ్, ముందు బెంచీలో చోటు లాంటి వెసులుబాట్లు దాని కింద వస్తాయి. ఐఈపీ వేరే. అది ఇప్పుడు ఐడియా అని పిలిచే చట్టం కింద వస్తుంది. 1975లో మొదట చేసిన ఆ చట్టం ప్రకారం, అర్హత ఉన్న పిల్లవాడికి అవసరమైన ప్రత్యేక బోధనను పబ్లిక్ స్కూల్ ఉచితంగా ఇచ్చి తీరాలి. మావాడికి టైమ్ ఒక్కటే సరిపోదు. గంట ఎక్కువిచ్చినా చదవలేనిది చదవలేడు. వాడికి చదవడం నేర్పేవాళ్లు కావాలి.

ఆ రాత్రి కూర్చుని రూల్స్ వెతికి చదివాను. రెండు విషయాలు దొరికాయి. ఒకటి, పిల్లవాడు పాస్ అవుతూ పై తరగతికి వెళ్తున్నంత మాత్రాన స్పెషల్ ఎడ్యుకేషన్‌కి అనర్హుడు కాడని ఫెడరల్ నియమాల్లోనే రాసి ఉంది. రెండోది, ఇంటర్వెన్షన్ గ్రూపు పేరు చెప్పి మూల్యాంకనాన్ని, అంటే పిల్లవాడికి వైకల్యం ఉందో లేదో తేల్చే టెస్టింగ్‌ని, ఆలస్యం చేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు మెమో పంపింది. గ్రూపులో పెట్టండి, వద్దనను. టెస్టింగ్ కూడా దాంతోపాటే జరగాలి.

ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్న ఒక అక్క మాత్రం "టెక్సస్‌లో వీళ్లు ఇవ్వరమ్మా, తిప్పుతారు" అంది. ఆమె మాట ఊరికే పుట్టలేదు. 2004 నుంచి ఈ రాష్ట్రంలో స్పెషల్ ఎడ్యుకేషన్ తీసుకునే పిల్లల శాతాన్ని 8.5 దగ్గర పెట్టి, అంతకు మించిన స్కూల్ డిస్ట్రిక్టుల మీద ఒత్తిడి ఉండేది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక అది బయటపెట్టింది. 2017లో రాష్ట్ర శాసనసభ అలాంటి పరిమితిని నిషేధించింది. టెక్సస్ రాష్ట్రం ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం తేల్చింది. అక్క పిల్లలు చదువుకున్నది ఆ రోజుల్లో. ఇప్పుడు స్కూళ్లు ముందుకన్నా చాలా మెరుగు. కానీ మన తెలుగువాళ్లలో ఆ పాత మాటే ఇంకా తిరుగుతోంది, అది విని కొందరు అసలు అడగడమే మానేస్తున్నారు.

అడిగేటప్పుడు కాగితం మీద అడగాలి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా గడువు మొదలుకాదు. టెక్సస్‌లో మీరు స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి గానీ, స్కూల్ అడ్మినిస్ట్రేటర్‌కి గానీ రాతపూర్వకంగా అడిగితే, 15 స్కూల్ పనిదినాల్లోగా వాళ్లు రెండింట్లో ఒకటి చేయాలి: టెస్టింగ్‌కి ఒప్పుకుని సంతకానికి కాగితాలు ఇవ్వాలి, లేదా ఎందుకు చేయరో రాసివ్వాలి. మన హక్కులు వివరించే పుస్తకం కూడా ఇవ్వాలి. నేను ప్రిన్సిపల్‌కి, డిస్ట్రిక్ట్ డైరెక్టర్‌కి కలిపి ఒకే ఈమెయిల్ పంపాను. "మా అబ్బాయికి డిస్లెక్సియా సహా అన్ని అనుమానిత వైకల్యాల విషయంలో పూర్తి మూల్యాంకనం చేయమని కోరుతున్నాను" అని ఒక వాక్యం (డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం, స్పెల్లింగ్ రాయడం కష్టమయ్యే ఇబ్బంది), కింద నేను గమనించినవి కొన్ని, నర్సు మెసేజీల తేదీలు. అంతే. బతిమాలలేదు, కోప్పడలేదు. గడువు లోపలే ఒప్పుకుంటూ జవాబొచ్చింది.

సంతకం పెట్టే ముందు ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. అత్తయ్యగారు వీడియో కాల్‌లో "బంగారంలాంటి పిల్లాడికి ఆ ముద్ర వేయిస్తారా?" అని కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. మా ఆయన భయం వేరు. మేం హెచ్‌వన్‌బీ మీద ఉన్నాం, ఇది గ్రీన్‌కార్డుకి అడ్డమవుతుందేమోనని. పబ్లిక్ స్కూల్ చదువు వీసా మీద ఆధారపడదు. టెక్సస్‌లోని టైలర్ ఊరి నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 1982లో, కాగితాలు లేని పిల్లలకు కూడా స్కూల్ తలుపు మూయకూడదని తీర్పిచ్చింది. స్పెషల్ ఎడ్యుకేషన్ ఆ చదువులో భాగమే. రేపు కాలేజీకి అప్లై చేసినప్పుడు ఐఈపీ దానంతటదే వెళ్లిపోదు, మనం చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. ఇవన్నీ చూపించాక ఆయన పెన్ను తీసుకున్నారు. అత్తయ్యగారికి ఇంకో మాట చెప్పాను: డిస్లెక్సియా చాలావరకు కుటుంబాల్లో వస్తుంది, తెలివికి దానికి సంబంధం లేదు. ఆవిడ కాసేపు ఆగి, "వాడి బాబాయి కూడా చిన్నప్పుడు ఇంతే. నోటితో అడిగితే అన్నీ చెప్పేవాడు, పరీక్షలో తప్పేవాడు" అన్నారు. ఆ బాబాయికి ఇప్పుడు నలభై దాటాయి. వాళ్ల స్కూల్లో అతన్ని మొద్దబ్బాయి అని పిలిచేవారట.

సంతకం చేసిన రోజు నుంచి రిపోర్టుకు 45 స్కూల్ పనిదినాలు. సెలవులు లెక్కలోకి రావు కాబట్టి థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ మధ్యలో పడితే క్యాలెండర్ మీద చాలా దూరం కనిపిస్తుంది.

టెస్టింగ్ చేసినావిడని ఇక్కడ డయాగ్నొస్టీషియన్ అంటారు. ఆవిడకు ముందున్న అసలు ప్రశ్న, ఇది భాష సమస్యా, చదివే సమస్యా అని. చట్టం ప్రకారం ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడమే ప్రధాన కారణమైతే పిల్లవాడిని వైకల్యం కింద చేర్చకూడదు. మంచి నియమం, లేకపోతే వలస వచ్చిన ప్రతి బిడ్డనీ అందులో వేసేస్తారు. కానీ అదే నియమం మావాడి విషయంలో ఏళ్లపాటు అడ్డుగోడ అయింది. పైగా టెక్సస్‌లో డిస్లెక్సియా స్క్రీనింగ్ కిండర్‌గార్టెన్‌లో, ఒకటో తరగతిలో చేస్తారు. మూడో తరగతిలో వచ్చినవాడు ఆ రెండూ దాటిపోయాడు.

అప్పుడు పనికొచ్చినవి హైదరాబాద్‌లో మా నాన్న అటక మీద దాచిన తెలుగు నోట్‌బుక్కులు. ఆయన ఒక్కో పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. రెండో తరగతి డిక్టేషన్: పలక బదులు వలక, మామయ్య బదులు యాయయ్య. ఒత్తులు సగం ఎగిరిపోయాయి. "అమ్మ" అని చూసి రాయమంటే రాసేవాడు, చెబితే "అమ" అని రాసేవాడు. గుణింతం పాటలా గడగడా చెప్పేవాడు, అదే గుణింతంలో మధ్యలో ఒక అక్షరం చూపించి ఏంటని అడిగితే తెలీదు. తెలుగు ఎలా రాస్తే అలా చదివే భాష, ఇంగ్లిష్‌లోలా మాయలు లేవు. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడే భాషలోనే చదవలేకపోయాడంటే ఇంగ్లిష్ కొత్త అన్న కారణం నిలవదు. నేను ఆ పేజీలన్నీ ప్రింట్ తీసి, ఎక్కడ ఏ అక్షరం మారిందో పక్కన ఇంగ్లిష్‌లో రాసి ఇచ్చాను. డయాగ్నొస్టీషియన్‌కి తెలుగు రాదు. అయినా ఆవిడ నాతో కూర్చుని ఒక్కో తప్పూ అడిగి తెలుసుకున్నారు. రిపోర్టులో దానికి ఒక పేరా మొత్తం ఇచ్చారు. బయటి దేశం నుంచి పిల్లలతో వచ్చేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: పాత నోట్‌బుక్కులు పారేయకండి.

ఈ టెస్టుల స్కోర్లు సగటు 100 వచ్చేలా ఉంటాయి, 85 నుంచి 115 దాకా మామూలు పరిధి. మావాడికి తర్కంలో 115 దాటింది. స్పెల్లింగ్‌లో, అర్థంలేని మాటల్ని అక్షరాలు కూడబలుక్కుని చదవడంలో డెబ్బైల్లో ఉంది. రెండింటి మధ్య అంత అగాధం ఉన్నా పాస్ మార్కులు తెచ్చుకుంటూ వచ్చాడంటే, ఆ పిల్లవాడు రోజూ ఎంత కష్టపడి ఉండాలి! రిపోర్టు మీటింగ్‌కి కనీసం 5 స్కూల్ పనిదినాల ముందు మన చేతికి రావాలి. నేను పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ మొత్తం చదివాను. "స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ, డిస్లెక్సియా" అన్న లైను దగ్గర నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు. వాడికున్న ఇబ్బందికి ఇన్నాళ్లకు ఒక పేరు దొరికింది.

టెక్సస్‌లో ఐఈపీ రాసే సమావేశాన్ని ఆర్డ్ మీటింగ్ అంటారు. రిపోర్టు వచ్చిన 30 రోజుల్లోగా పెట్టాలి. బల్ల చుట్టూ చాలామంది కూర్చుంటారు: అసిస్టెంట్ ప్రిన్సిపల్, డయాగ్నొస్టీషియన్, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్, మామూలు క్లాసు టీచర్ ఒకరు, డిస్లెక్సియా స్పెషలిస్ట్. మావాడు ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల జాబితాలో ఉన్నాడు కాబట్టి, ఆ పిల్లల సంగతి చూసే కమిటీ నుంచి ఒకరు. ఇటువైపు మేమిద్దరం. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు, ఖర్చు స్కూల్‌దే. మొహమాటపడి అడగకుండా ఉండిపోయే అమ్మానాన్నలు నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

వాళ్లు ముందే తయారుచేసిన డ్రాఫ్టులో ఒక గోల్ ఇలా ఉంది: చదవడంలో 80 శాతం కచ్చితత్వం సాధిస్తాడు. ఎందులో 80? ఇప్పుడెంత ఉంది? ఏ తరగతి స్థాయి పాఠంలో? ఎవరు, ఎప్పుడు కొలుస్తారు? ఇవి అడిగితే గదిలో కాసేపు కాగితాలు తిప్పుకోవడం తప్ప జవాబు రాలేదు. 2017లో ఎండ్రూ ఎఫ్. అనే కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, పేరుకి ఏదో కొంచెం ముందుకు కదిలితే చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ఐఈపీ ఉండాలని. కోర్టుల పేర్లు మేం బల్ల మీద పెట్టలేదు. కానీ కొలవలేని గోల్‌కి ఒప్పుకోలేమని మాత్రం మర్యాదగా చెప్పాం. ఒప్పందం కుదరకపోతే గరిష్ఠంగా 10 స్కూల్ పనిదినాలు వాయిదా వేసుకుని మళ్లీ కలిసే వెసులుబాటు టెక్సస్‌లో ఉంది. అది వాడుకున్నాం. రెండోసారి వచ్చేసరికి గోల్ మారింది: ఫలానా స్థాయి పాఠంలో నిమిషానికి ఇప్పుడు ఇన్ని మాటలు సరిగ్గా చదువుతున్నాడు, ఏడాది చివరికి ఇన్ని చదవాలి, రెండు వారాలకోసారి డిస్లెక్సియా టీచర్ కొలుస్తారు. ప్రగతి ఎలా ఉందో రిపోర్ట్ కార్డుతోపాటు మాకూ పంపుతారు.

ఇంకో పేచీ ఎలెక్టివ్ దగ్గర, అంటే పిల్లలు ఇష్టంగా ఎంచుకునే క్లాసు దగ్గర, వచ్చింది. మిడిల్ స్కూల్లో డిస్లెక్సియా క్లాసుకు ఎక్కడో ఒక పీరియడ్ ఖాళీ చేయాలి. బాబుకి రెండు ఎలెక్టివ్‌లున్నాయి, బ్యాండ్, కోడింగ్. మా ఆయన కోడింగ్ ఉంచి బ్యాండ్ తీసేద్దామన్నారు. సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఆ మాట రావడంలో వింతేం లేదు. డిస్లెక్సియా స్పెషలిస్ట్ అడ్డుపడి, "రోజంతా తను వెనకబడ్డానని అనుకునే పిల్లవాడికి, తను బాగా చేస్తానని తెలిసిన ఒక్క పీరియడ్ తీసేయొద్దు. వాణ్నే అడగండి" అన్నారు. అడిగాం. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ట్రంపెట్ అన్నాడు. కోడింగ్ వెళ్లిపోయింది.

అకామడేషన్, మాడిఫికేషన్ అన్న రెండు మాటలు ఆ కాగితాల్లో పక్కపక్కనే కనిపిస్తాయి, జాగ్రత్తగా చూసుకోవాలి. మొదటిది దారి మారుస్తుంది: ప్రశ్నను చదివి వినిపించడం, నోట్స్ కాపీ ఇవ్వడం, స్పెల్లింగ్‌కి మార్కులు తీయకపోవడం, రాసే బదులు కంప్యూటర్‌కి చెప్పడం. రెండోది నేర్చుకోవాల్సిన పాఠాన్నే తగ్గిస్తుంది. కొందరు పిల్లలకు అది నిజంగా అవసరం. మావాడికి కాదు, అందుకే ఒక్కటి కూడా ఉండకూడదని అడిగి చూసుకున్నాం. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో కంప్యూటర్ చదివి వినిపించాలంటే, ఆ సదుపాయం రోజూ క్లాసులో వాడుతూ ఉండాలి. పరీక్ష ముందు వారం గుర్తొస్తే లాభం లేదు.

చివర్లో ఇంకో సంతకం. టెస్టింగ్‌కి ఇచ్చిన అనుమతి సర్వీసులకు పనికిరాదు. అది విడిగా ఇస్తేనే మొదలవుతాయి.

కాగితం పూర్తయ్యాక పని అయిపోయిందనుకుంటారు చాలామంది. మిడిల్ స్కూల్లో అసలు పరీక్ష అప్పుడే. ఐఈపీ ఒకటే, టీచర్లు చాలామంది. ఎవరి క్లాసులో ఏం చేయాలో ప్రతి టీచర్‌కీ తెలియజేయడం స్కూల్ బాధ్యత. అయినా ఒక క్లాసులో క్విజ్ ఎవరూ చదివి వినిపించకుండానే పెట్టేశారు, అందులో సున్నా వచ్చింది. బాబు ఇంటికొచ్చి "నేను అడగలేదమ్మా, అందరూ చూస్తారు" అన్నాడు. బాబు ఐఈపీ అమలును చూసుకునే కేస్ మేనేజర్‌కి అదే సాయంత్రం ఈమెయిల్ పెట్టాను. ఆవిడ మర్నాడే ఆ టీచర్‌తో మాట్లాడి, క్విజ్ మళ్లీ పెట్టించారు. అంతకన్నా మంచి పని ఇంకోటి చేశారు. క్లాసులో పిల్లలందరికీ హెడ్‌ఫోన్స్ అందుబాటులో పెట్టించారు. ఎవరు పాట వింటున్నారో, ఎవరు ప్రశ్న వింటున్నారో ఇక ఎవరికీ తెలియదు. ఇలాంటివి ఏ ఐఈపీలోనూ రాయరు, పన్నెండేళ్ల పిల్లల మనసు తెలిసినవాళ్లకే తడతాయి.

ఆడియో పుస్తకాల కోసం బుక్‌షేర్‌లో స్కూల్ ఖాతా తెరిచింది, ఇక్కడి అర్హులైన విద్యార్థులకు అది ఉచితం. సోషల్ స్టడీస్ పాఠం వింటూ, అదే పేజీ కళ్లతో చూస్తూ వెళ్తాడు. ఏడో తరగతి సగానికి వచ్చాం. చదివే వేగం గోల్‌కి ఇంకా దగ్గరికి రాలేదు, కానీ గ్రాఫు పైకే ఉంది. నర్సు నుంచి మెసేజీలు ఆగిపోయాయి. స్పెల్లింగ్ అలాగే ఉంది. అది చాలా నెమ్మదిగా మారుతుందని డిస్లెక్సియా టీచర్ మొదట్లోనే చెప్పారు, మేం తొందరపెట్టడం లేదు.

ఇండియాలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి అడుగుతుంటారు, ఇండియాలో కూడా ఇలాంటివి ఉన్నాయా అని. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చదివే, రాసే వైకల్యాలు కూడా ఉన్నాయి. పరీక్షల్లో ఎక్కువ టైమ్, రాసిపెట్టే మనిషి లాంటివి సర్టిఫికెట్ మీద దొరుకుతాయి. మా పిన్ని కూతురు వాళ్ల పాప కోసం ఇప్పుడు ఆ సర్టిఫికెట్ పనిలో తిరుగుతోంది. మా కాగితాల్లో గోల్స్ ఎలా రాశారో ఫోటోలు పంపించాను.

ఏడాదికోసారి ఐఈపీని మళ్లీ చూడాలి, కనీసం మూడేళ్లకోసారి మూల్యాంకనం మళ్లీ ఆలోచించాలి. ఈ ఏడాది ఆర్డ్ మీటింగ్ వచ్చే నెలలో ఉంది, ఈసారి బాబు కూడా వస్తానన్నాడు. వాడు అడగబోయేవి రెండు. పరీక్షలకు చిన్న గ్రూపు గదికి పంపడం లెక్కల వరకు తీసేయాలట, అక్కడ వాడికి సాయం అక్కర్లేదు. ఎనిమిదో తరగతిలో కూడా ట్రంపెట్ ఉండాలట. మేం అడగబోయేది ఒకటే. ఎనిమిదిలో సైన్స్‌కి, సోషల్ స్టడీస్‌కి కూడా స్టార్ పరీక్ష ఉంటుంది కాబట్టి, చదివి వినిపించే సదుపాయం ఆ రెండు సబ్జెక్టుల పేర్లతో సహా ఐఈపీలో విడిగా రాయించాలి. ఆ ఈమెయిల్ నిన్ననే పంపాను.